నా చిన్నతనానికి అమ్మ సాక్ష్యం

మా పాపకి ఆరేళ్ళు. పొద్దున లేవగానే నేరుగా వంటింట్లోకి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, స్టవ్ నాబ్ మూసి ఉందా లేదా అని చూస్తుంది. "అమ్మా, గ్యాస్ ఓకే" అని నాకు చెప్పి, అప్పుడు పళ్ళు తోముకోవడానికి వెళ్తుంది. ఆ పని చెయ్యమని దానికి ఎవరమూ చెప్పలేదు. ఆ రోజు తర్వాత అదే మొదలుపెట్టింది.

ఆ రోజు సంగతి ఇది. పాలు స్టవ్ మీద పెట్టాను. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కింద సెక్యూరిటీ దగ్గర పార్సిల్ ఉందని గుర్తొచ్చి దిగాను. దిగాక కరివేపాకు లేదని గుర్తొచ్చింది. గేటు దాటి, హెబ్బగోడి మెయిన్ రోడ్డు మీద కూరగాయల బండి దాకా వెళ్ళిపోయాను. పాలు గుర్తులేవు. నిజం చెప్పాలంటే ఇంట్లో పిల్ల ఒక్కతే ఉందన్న సంగతి కూడా గుర్తులేదు. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. ఎదురింటావిడ వాసన పట్టి, పిల్ల చేత తలుపు తీయించి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. నేను కరివేపాకు పట్టుకుని వచ్చేసరికి పాప ఎదురింటి సోఫాలో కూర్చుని బిస్కెట్ తింటోంది.

మా ఆయన కేకలేసే మనిషి కాదు. కేకలేసినా బాగుండేది. అంతా విని, "నీకు పిల్ల మీద ధ్యాసే లేదా?" అన్నాడు. ధ్యాస లేకపోవడం వేరు, ధ్యాస నిలవకపోవడం వేరు అని వాదిద్దామనుకున్నాను. కానీ నా విషయంలో ఏది నిజమో నాకే తెలియదు. పిల్లని ప్రాణంగా చూసుకుంటున్నానని నేననుకుంటున్నాను. ప్రాణంగా చూసుకునేవాళ్ళు పిల్లని గ్యాస్‌లో వదిలేసి కరివేపాకు బేరమాడతారా?

ఇలాంటివి నాకు కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆ తప్పులు ఇట్టే పట్టేస్తాను, వాటి గురించి పంపాల్సిన మెయిల్ మాత్రం పంపడం మరిచిపోతాను. తాళాలు, కళ్ళజోళ్ళు, గొడుగులు నేను పోగొట్టినన్ని ఈ ఊళ్ళో ఇంకెవరూ పోగొట్టి ఉండరు. ఇన్నేళ్ళూ అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వలేకపోయాను. నాది నిర్లక్ష్యమా, జబ్బా? ఏదో ఒకటి తేలాలి. నిర్లక్ష్యమైతే నేను చెడ్డ తల్లిని, ఆ మాట ఒప్పుకుని పిల్లని ఇంకొకరికి అప్పజెప్పాలి. జబ్బయితే దానికో మందో మార్గమో ఉంటుంది. అందుకని జయనగర్‌లో ఒక మానసిక వైద్య కేంద్రానికి వెళ్ళాను.

సైకాలజిస్టు పరీక్ష అంటే పడుకోబెట్టి కలలు అడుగుతారని నేను భయపడ్డాను. కలలు అడిగితే ఏం చెప్పాలో బస్సులో తయారు చేసుకున్నాను కూడా. ఆమె ఒక్క కల కూడా అడగలేదు. ఎలా పుట్టావు, ఎలా చదివావు, నిద్ర పడుతుందా, భయాలున్నాయా, ఎప్పుడైనా చనిపోవాలనిపించిందా అని నెమ్మదిగా అడుగుతూ పోయింది. రెండోసారి పరీక్షలు. ఆమె అంకెలు చెబితే వెనకనుంచి తిప్పి చెప్పాలి. రంగు చెక్కలతో బొమ్మ పేర్చాలి. కంప్యూటర్ తెర మీద అక్షరాలు వస్తుంటే మీట నొక్కాలి, ఒక్క అక్షరానికి మాత్రం నొక్కకూడదు. చూడ్డానికి చిన్నపిల్లల ఆట. కానీ అది ఎంతకీ అయిపోదు. మధ్యలో నా మనసు ఎక్కడికో పోయింది, వేలు మాత్రం దాని పాటికది నొక్కుతూ పోయింది. బయటికొచ్చేసరికి నా జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉంది. మా ఆయనకీ కొన్ని ప్రశ్నలిచ్చారు. పక్కవాడు కాపీ కొడతాడేమోనన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ రాశాడు.

అన్నీ అయ్యాక ఆమె చెప్పింది: "చూడండి, ఇప్పుడు మీలో ఏడీహెచ్‌డీ లక్షణాలు, అంటే ధ్యాస నిలవకపోయే జబ్బు లక్షణాలు, క్లియర్‌గా కనిపిస్తున్నాయి. కానీ యాంగ్జైటీ వల్లా, నిద్ర లేకపోవడం వల్లా కూడా ఇలా అవ్వచ్చు. ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే అది చిన్నప్పటి నుంచీ ఉండాలి. మీ చైల్డ్‌హుడ్ తెలిసిన వాళ్ళెవరైనా వచ్చి చెబితే తప్ప నేను డయాగ్నసిస్ ఇవ్వలేను."

నా చిన్నతనం తెలిసిన మనిషి ఒక్కతే, మా అమ్మ. నాన్న చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగడిలో కూర్చుంటే ప్రపంచం మునిగినా లేవడు, నేను ఏ క్లాసు చదువుతున్నానో ఆయనకి ఏనాడూ తెలియదు.

అమ్మ కోసమే నేను వెతికి వెతికి తెలుగు మాట్లాడే సైకాలజిస్టుని పట్టుకున్నాను. అమ్మది హొసకోటె పక్క పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. రెండూ ధారాళంగా మాట్లాడుతుంది, కానీ కష్టం సుఖం చెప్పుకోవడానికి తెలుగే సులువుగా ఉంటుందని నా తెలివి. ఆ సైకాలజిస్టు చిన్న వయసు అమ్మాయి, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. అమ్మ వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి నన్నూ ఉండమంది. ప్రశ్నలు మొదలుపెట్టేలోగా అమ్మే మొదలుపెట్టింది.

"మీదే ఊరు తల్లీ?"

"మదనపల్లె ఆంటీ."

"మదనపల్లెలో యాడ? మీ నాయన ఏం చేస్తా ఉండాడు?"

వీధి పేరు, ఇంటి పేరు, తాత పేరు, అన్నీ బయటికొచ్చాయి. చివరికి తేలిందేమిటంటే ఆ అమ్మాయి మేనత్త పెళ్ళి బట్టలు మా అంగడిలోనే తీసుకున్నారట. అమ్మ ముఖం వెలిగిపోయింది. "అట్లయితే మనోళ్ళే గదా!" అంది. సైకాలజిస్టు నవ్వింది. నేనూ పొంగిపోయాను, ఇక అమ్మ మనసు విప్పుతుందని.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది: "ఆంటీ, చిన్నప్పుడు తను వస్తువులు బాగా పోగొట్టేదా?"

"అయ్యో, లేదు తల్లీ. పెన్సిలు ముక్క కూడా పోగొట్టలే. బో జాగ్రత్త."

నేను అమ్మ వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు.

"క్లాసులో కుదురుగా కూర్చునేదా?"

"కూర్చోబెడితే కూర్చున్న తావే. బొమ్మ మాదిరి. టీచర్లంతా మెచ్చుకుంటా ఉండ్రి."

"చెప్పిన పని మధ్యలో వదిలేయడం, మరిచిపోవడం?"

"ఒక మాట చెప్తే చాలు తల్లీ, మళ్ళా చెప్పే పనే లేదు. వంట, కుట్టు, ముగ్గు, అన్నీ వచ్చు. మా బిడ్డకి ఒక కొరత అనేది లేదు."

ఆ చివరి మాట నేను ఇంతకు ముందు విన్నాను. అదే గొంతు, అదే చిరునవ్వు, పమిట అదే విధంగా భుజం మీదికి లాక్కోవడం. మా ఆయన తరఫు వాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చిన రోజు అమ్మ ఇలాగే కూర్చుంది, ఇవే జవాబులు చెప్పింది. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారి ముందు కూర్చున్నట్టు సైకాలజిస్టు ముందు కూర్చుని నన్ను దాటించేసింది. ఇంకో నిమిషం ఉంటే జాతకం కూడా తీసి ఇచ్చేదేమో. కానీ నాకు నవ్వు రాలేదు.  ఆ అమ్మాయి అన్నీ రాసుకుని, పెన్ను మూసి, నావైపు జాలిగా చూసింది.

బయట వరండాలో నేను ఆగలేకపోయాను. "ఎందుకమ్మా అన్ని అబద్ధాలు చెప్పావు?"

"ఏం అబద్ధం? నా బిడ్డ గురించి నాకు తెలీదా?"

"పెన్సిల్ ముక్క పోగొట్టలేదా నేను? స్కూల్ బ్యాగే బస్సులో వదిలేసి వచ్చానే!"

"మెల్లగా మాట్లాడు. ఆ పిల్ల మనోళ్ళ పిల్ల. ఇంటికి పోయి వాళ్ళమ్మకి చెప్పకుండా ఉంటుందా? వాళ్ళమ్మ నలుగురికి చెప్పకుండా ఉంటుందా?"

"చెప్పనీ. నాకు పెళ్ళయింది, పిల్ల పుట్టింది. ఇంక నాకేం భయం?"

"నీకు లేదప్పా భయం. నీకెప్పుడుండె? ఇంట్లో ఒక ఆడబిడ్డ ఉండాది. రేపు దానికి సంబంధం చూసేటప్పుడు తల్లికి తల సరిలేదంట అంటే ఏం చేస్తావు?"

ఆరేళ్ళ పిల్లకి సంబంధం! పాలపళ్ళు ఇంకా పూర్తిగా ఊడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల బతికి ఉంటుందా లేదా అని నేను ఏడుస్తుంటే ఈమె దాని పెళ్ళి గురించి ఆలోచిస్తోంది. అమ్మతో ఆ రోజు ఇంకొక్క మాట మాట్లాడలేదు.

నాలుగు రోజులకి సైకాలజిస్టు ఫోన్ చేసి తనకి తోచింది చెప్పింది. అమ్మ చెప్పినదాని ప్రకారం చిన్నతనంలో ఏమీ లేదు. అంతా అబద్ధమని నేనంటున్నాను, కానీ నా మాట ఒక్కటే పట్టుకుని ఆమె నిర్ణయం తీసుకోలేదు. ఇప్పటికి యాంగ్జైటీగానే చూద్దాం అంది. మర్యాదగానే చెప్పింది. ఫోన్ పెట్టేశాక నేను బట్టలారేసే చోట నిలబడి ఏడ్చాను. పాప వచ్చి నా కొంగు పట్టుకుంటే కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

ఆ వారమే నాన్నకి కళ్ళు చూపించే పని పడి, అమ్మని తీసుకుని చిక్కపేటలో మెట్రో ఎక్కాను. నాన్న మమ్మల్ని ఆసుపత్రి దగ్గర కలుస్తానన్నాడు. ఆడవాళ్ళ సీట్లలో అమ్మకి చోటు దొరికింది. నేను కాస్త అవతల కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ పక్కన ఎవరో పెద్దావిడ, ఒళ్ళో పూలబుట్ట. ఇద్దరూ కన్నడలో మాటల్లో పడ్డారు. నేను ఫోన్ చూసుకుంటున్నాను. మధ్యలో "నా కూతురు" అన్న మాట వినపడి చెవులు అటు పెట్టాను. వాళ్ళు మాట్లాడుకున్నది కన్నడలో, నేను తెలుగులో చెబుతున్నాను.

"మా అమ్మాయికి చేతిలో వస్తువు నిలవదమ్మా, చిన్నప్పటి నుంచీ అంతే" అంటోంది అమ్మ. "చురుకైన పిల్ల, కానీ గ్లాసు ఇస్తే ఒలకాల్సిందే. పెళ్ళివాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు కాఫీ పళ్ళెం దాని చేతికి ఇవ్వలేదు. మా ఇంట్లో ఆడపిల్లల చేత కాఫీలు మోయించే అలవాటు లేదని చెప్పి నేనే తీసుకెళ్ళాను. వాళ్ళు ఎంత గౌరవమైన ఇల్లో అనుకున్నారు."

పూలావిడ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నేను కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా అత్తగారు ఈనాటికీ ఆ కాఫీ సంగతి చెప్పి మా పుట్టింటి సంస్కారాన్ని మెచ్చుకుంటుంది. నేనూ అది సంస్కారమనే అనుకున్నాను.

అమ్మకి అంతా తెలుసు. మరిచిపోలేదు, మభ్యపెట్టుకోలేదు. మనవాళ్ళు కాని మనిషికి, మళ్ళీ కనిపించని మనిషికి, కన్నడలో హాయిగా చెబుతోంది. తెలుగు వాళ్ళయితేనే అమ్మ మనసు విప్పుతుందనుకుని ఎంత పొరపాటు చేశానో అప్పుడర్థమైంది. అమ్మకి తెలుగంటే బంధువులు, సంబంధాలు, నలుగురూ నాలుగు విధాలుగా అనుకోవడం. ఆ భాషలో ఆమె జన్మలో నిజం చెప్పదు.

మర్నాడే సైకాలజిస్టుకి ఫోన్ చేసి, సిగ్గుపడుతూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి "మా అమ్మైనా అంతే చేస్తుందండీ" అంది. అదే కేంద్రంలో తన సీనియర్ ఒకావిడ ఉన్నారని, కన్నడావిడ అని, ఆమె చేత మళ్ళీ మాట్లాడిస్తానని చెప్పింది.

అమ్మని ఒప్పించడానికి నేను పెద్దగా కష్టపడలేదు. పెద్ద డాక్టరు చూస్తుందట అన్నాను.

"ఆమె యాడామె?"

"శివమొగ్గ."

"ఆడ మనోళ్ళెవరూ లేరు గదా?"

"ఎవరూ లేరు."

"అట్లయితే వస్తా" అంది.

సీనియర్ డాక్టరు జుట్టు నెరిసిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. అమ్మ ఆమె ఊరు అడగలేదు. ఇంటి పేరు అడగలేదు. డాక్టరు కన్నడలో మొదటి ప్రశ్న అడిగిందో లేదో, అమ్మ మొదలుపెట్టింది. ఇన్నేళ్ళుగా ఎవరైనా అడుగుతారా అని కాచుకుని ఉన్నట్టు చెబుతూ పోయింది.

ఒకే రకం చెప్పులు రెండు జతలు కొనేదట, ఏ కాలిది పోయినా జత కుదరాలని. నేను ఒకచోట కూర్చుని చదివితే ఒక్క ముక్క తలకెక్కదని కనిపెట్టి, మిద్దె మీద నన్ను తిప్పుతూ, వెనక తానూ తిరుగుతూ పాఠాలు చెప్పించేదట. పరీక్షల రోజు స్కూలు గేటు దాకా వచ్చి, పక్కింటి పిల్ల చేతికి ఇంకో పెన్ను ఇచ్చి, నాది పోగానే ఇమ్మని చెప్పేదట. ఆ పక్కింటి పిల్లది ఎంత మంచి మనసో అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

"పెళ్ళయ్యాక ఏం చేశారు?" అని డాక్టరు అడిగింది.

"ఏం చేస్తాను? పొద్దున పాలు కాచే వేళకి రోజూ ఫోన్ చేస్తాను. ఏం వంట అని అడుగుతాను. స్టవ్ దగ్గర నిలబడే మాట్లాడమంటాను. అది విసుక్కుంటుంది."

విసుక్కుంటాను, నిజమే. పొద్దున్నే ఈ వంట గోల ఏమిటని ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు.

"ఆ గ్యాస్ గొడవ జరిగిన రోజు నేను మా చెల్లెలి ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళాను" అంది అమ్మ. "ఫోన్ చెయ్యలేదు" అని పమిటతో ముక్కు తుడుచుకుంది.

నాకు లేచి వెళ్ళి అమ్మని పట్టుకోవాలనిపించింది. డాక్టరు ముందు లేవలేకపోయాను. నేను పోగొట్టినవన్నీ ఎవరో ఒకరు వెనకనుంచి ఏరుకుంటూ వచ్చారని, ఆ ఒక్కరూ మా అమ్మేనని అప్పుడు తెలిసింది.

అప్పుడు డాక్టరు ఇంకో ప్రశ్న అడిగింది. "పిల్ల అలా చేసినప్పుడు కొట్టేవారా?"

"కొట్టేదాన్ని" అంది అమ్మ వెంటనే. "ఎవరైనా ఉన్నప్పుడు కొట్టేదాన్ని. ఇంట్లో మేమిద్దరమే ఉంటే కొట్టలేదు."

డాక్టరు రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. అవును. చిన్నాన్న పెళ్ళిలో, పంక్తిలో మజ్జిగ గ్లాసు పడేసినప్పుడు అందరి ముందూ కొట్టింది. అరుగు మీద చుట్టాలు కూర్చుని ఉండగా కొట్టింది. స్కూల్లో టీచరు ముందు కొట్టింది. జనం చూస్తే అమ్మకి కోపం ఎక్కువవుతుందని నేననుకునేదాన్ని. ఆ దెబ్బలకన్నా, చూసేవాళ్ళ ముఖాలు నాకు ఎక్కువ గుర్తు.

కొన్నాళ్ళకి ఫలితం చెప్పడానికి పిలిచారు. అమ్మ తానూ వస్తానంది, కానీ లోపలికి రాలేదు. ఇద్దరు సైకాలజిస్టులూ కూర్చుని చెప్పారు. ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది. ఎవరూ కనిపెట్టకుండా ఇంతకాలం గడిచిపోవడానికి మీ అమ్మగారు కూడా ఒక కారణం అన్నారు. మందు గురించి సైకియాట్రిస్టుని కలవమన్నారు. ఈలోగా పాలు కాచే వేళ ఇంట్లో ఇంకొకరుండేలా చూసుకోమన్నారు. నేను చెడ్డ తల్లినా అని అడిగాను. కాదు అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఇంత దూరం వచ్చాను, కానీ వినగానే తేలికపడలేదు. మనసు దెబ్బల దగ్గరే ఉంది.

బయట అమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. "ఉందంట" అన్నాను. తలూపింది. ఆశ్చర్యపోలేదు. "ఎవరికీ చెప్పరు గదా?" అంది. చెప్పరన్నాను. ఇద్దరం జయనగర్ స్టేషన్ దాకా నడిచి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. రైలు ఇంకా రాలేదు.

"అమ్మా, నలుగురి ముందే ఎందుకు కొట్టేదానివి?" అని అడిగాను.

ఆమె పట్టాల వైపు చూస్తూ చెప్పింది. "కొడితే ఏమంటారు? పొగరుబోతు, తల్లి మాట వినదు అంటారు. పొగరుదేముంది, పెండ్లయితే అణుగుతుంది అనుకుంటారు. కొట్టకుండా ఊరుకుంటే? పాపం, ఆ బిడ్డకి ఏమో ఉండాది, అందుకే తల్లి చెయ్యెత్తడం లేదు అంటారు. అట్లాంటి బిడ్డని ఏ తల్లీ కొట్టదు గదా."

నాకు కోపం వచ్చింది, చాలా కోపం. "అయితే అది నా చేతిలో లేదని తెలిసే కొట్టావా?"

"తెలిసే కొట్టినా" అంది అమ్మ. "తెలీకపోయుంటే అంత కొట్టేదాన్ని కాదు."